పెయింటర్ని పిలిచే ముందు నీళ్ళు ఎక్కడివో చూడండి: అపార్ట్‌మెంట్ కమిటీలకి ఒక బహిరంగ లేఖ

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్లు, సెక్రటరీలు, ట్రెజరర్లు అందరికీ నమస్కారం అండి.

నేను విశాఖపట్నంలో సివిల్ పనులు చూసుకునే ఇంజనీర్ని. ఈ మధ్య కొత్తగా కట్టేవాటి కన్నా పాత బిల్డింగుల్లో లీకేజీలు చూడమనే ఎక్కువ పిలుస్తున్నారు, ఏ కాలనీకి వెళ్ళినా కథ ఒకటే. ఎవరో ఒకళ్ళ ఫ్లాట్‌లో గోడ చెమ్మ ఎక్కుతుంది, వాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడతారు, రెండ్రోజులు దాని మీద మాటా మాటా నడుస్తుంది, తర్వాత కమిటీ నుంచి ఎవరో "పెయింటర్ని పంపిస్తాం లెండి" అంటారు, పెయింటర్ వచ్చి గోడ గీకి, లప్పం పెట్టి, వాటర్‌ప్రూఫ్ పెయింట్ అని చెప్పి రెండు కోట్లు కొట్టి వెళ్ళిపోతాడు. మళ్ళీ వానాకాలం రాగానే అదే చోట అదే మరక, ఈసారి ఇంకో జానెడు పెద్దది.

కమిటీ పని జీతం లేని పని, తిట్లు మాత్రం ఫుల్లుగా ఉండే పని అని నాకు తెలుసు. మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయట్లేదు. నేను అడిగేది ఏంటంటే, ఒక ఫ్లాట్‌లో చెమ్మ కనపడితే అది ఆ ఇంటివాళ్ళ సొంత గొడవ అని వదిలేయకండి, అది బిల్డింగ్ సమస్య అనుకుని మొదలుపెట్టండి, పెయింటర్ కన్నా ముందు ఆ నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో కనుక్కునే మనిషిని పిలవండి. రంగు ఆఖరి పని. దాన్నే మొదటి పనిగా చేశామంటే కట్టు కట్టి చీము దాచినట్టే, లోపల అది పెరుగుతూనే ఉంటుంది.

నీళ్ళు గోడ మీద కనపడే చోటు వేరు, లోపలికి దిగే చోటు వేరు. స్లాబులో ఒక మూల దిగిన నీరు కాంక్రీట్‌లో సందు చూసుకుంటూ, కరెంటు పైపు వెంట పాక్కుంటూ పోయి పది అడుగుల అవతల ఫ్యాన్ హుక్ దగ్గర బొట్టు బొట్టుగా పడొచ్చు. అందుకని మరక ఉన్న చోట పైన పగలగొట్టేసి "ఇక్కడేం లేదే" అని తల పట్టుకోవడం కన్నా, ముందు ఆ మరక ఎప్పుడు వస్తుందో అడగండి. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష. మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయమనండి. వారం తర్వాత ఇంకో గీత. వాన పడ్డ రోజు పెరిగిందా, ఎండాకాలంలో కూడా తగ్గలేదా, పైవాళ్ళు ఊరెళ్ళినప్పుడు ఆరిందా, ఈ మూడు ప్రశ్నలకి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

మే నెల ఎండల్లో కూడా తడిగా ఉంటే అది వాన నీరు కాదండి, పైపుదో బాత్రూందో అయ్యుంటుంది. పైవాళ్ళు ఊళ్ళో లేకపోయినా ఆగకుండా ఊరుతుంటే నీళ్ళు వచ్చే లైను లీకు, ఎందుకంటే అందులో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది. వాళ్ళు స్నానాలు చేసే టైంకి పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంటే నీళ్ళు పోయే లైను, అంటే ట్రాపో (నేల మీద నీళ్ళు పోయే జాలీ కింది గిన్నె), కమోడ్ జాయింటో, టైల్స్ మధ్య సందో. గోడ మీద చెయ్యి పెట్టినప్పుడు కాస్త వెచ్చగా తగిలితే గీజర్ లైను మీద అనుమానం పెట్టుకోవచ్చు. రాత్రి అందరూ పడుకున్నాక ఆ లైను వాల్వ్ కట్టేసి పొద్దున చూస్తే ఇంకా తేలిపోతుంది.

మన అపార్ట్‌మెంట్లలో అన్నిటికన్నా ఎక్కువ గొడవలు తెచ్చేది బాత్రూమే. చాలా బిల్డింగుల్లో బాత్రూం స్లాబుని అడుగో, తొమ్మిది అంగుళాలో కిందకి దింపి, అందులో పైపులు వేసి ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లోంచి దిగిన నీళ్ళన్నీ ఆ నింపుడులో చేరి నిలవుంటాయి, బయటికి పోయే దారి ఉండదు, నెమ్మదిగా కింది ఇంటి సీలింగ్‌కి వస్తాయి. పైవాళ్ళు "మా బాత్రూం పొడిగా ఉంది చూడండి" అంటారు, నిజమే, వాళ్ళకి పైన పొడిగానే కనపడుతుంది. కిందవాళ్ళు "మా నెత్తి మీద కారుతోంది" అంటారు, అదీ నిజమే. ఇద్దరూ నిజమే చెప్తుంటే పోట్లాట ఎలా తీరుతుంది? కమిటీ మధ్యలోకి రావాలి. ఇద్దరూ ఉండగా ట్రాప్ మూసేసి, బాత్రూంలో ఒకటి రెండు అంగుళాల నీళ్ళు నిలబెట్టి, గోడ మీద మట్టం గీసి, 24 గంటలు వదిలేసి కింద చూడండి. కావాలంటే నీళ్ళలో కాస్త రంగు కలపండి, కింద అదే రంగు దిగితే ఇక వాదనే ఉండదు. అప్పుడు కూడా మొత్తం పగలగొట్టే ముందు ట్రాప్ చుట్టూ, కమోడ్ చుట్టూ, గోడా నేలా కలిసే మూలల్లో సందులు చూడండి, అక్కడ ఎపాక్సీ గ్రౌట్ (సందుల్లో నింపే, నీళ్ళు దిగనివ్వని ముద్ద) పెడితే చాలాసార్లు సరిపోతుంది. లోపలి పైపే పగిలి ఉంటే మాత్రం తవ్వక తప్పదు.

ఇంకో మాట, బాత్రూంలు యాసిడ్ పోసి కడగడం మానేయమని మీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి దయచేసి. టైల్స్ తెల్లగా మెరుస్తాయి గానీ వాటి మధ్య ఉన్న సిమెంట్‌ని ఆ యాసిడ్ తినేస్తుంది. పండక్కి పండక్కి యాసిడ్‌తో కడిగిన ఇంటికింద ఇంట్లో సీలింగ్ ఎలా ఉంటుందో నేను ఎన్ని చోట్ల చూశానో చెప్పలేను.

ఇక టెర్రస్. పై ఫ్లోర్ వాళ్ళ బాధ ఇక్కడ మొదలవుతుంది, "టాప్ ఫ్లోర్ తీసుకున్నారు కదా, మీ స్లాబ్ మీరే చేయించుకోండి" అని మీటింగుల్లో అంటుంటారు, అది న్యాయమూ కాదు, చట్టమూ కాదు. 1987లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టంలో పునాదులు, పిల్లర్లు, బీములు, మెయిన్ గోడలు, పైకప్పు ఇవన్నీ ఉమ్మడి ఆస్తి కిందే రాశారు, తెలంగాణలో కూడా అదే చట్టం నడుస్తోంది. అంటే టెర్రస్ రిపేరు గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి కూడా వాటా ఉన్న ఖర్చు. అలాగే గ్రౌండ్ ఫ్లోర్ గోడ నేలలోంచి నీళ్ళు పీలుస్తుంటే అది పై ఫ్లోర్ వాళ్ళకి కూడా వాటా ఉన్న ఖర్చు. ఈ ఒక్క మాట బైలాస్‌లో, అంటే మీ అసోసియేషన్ నియమాల్లో, స్పష్టంగా రాసిపెట్టుకుంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

టెర్రస్ మీదకి వాన పడ్డ మర్నాడు ఒకసారి ఎక్కి చూడండి. ఎక్కడ నీళ్ళు నిలబడ్డాయో చాక్‌పీస్‌తో చుట్టూ గీయండి. పది అడుగులకి అంగుళమైనా వాటం లేకపోతే నీళ్ళు కదలవు, కదలని నీళ్ళు ఎప్పుడోకప్పుడు దిగుతాయి. రెయిన్ వాటర్ పైపు మూతి దగ్గర ఆకులు, పాలిథిన్ కవర్లు, గాలిపటం ముక్కలు ఉంటాయి, అవి తీయడానికి వాచ్‌మెన్‌కి నెలకోసారి చెప్తే చాలు. పిట్టగోడకీ స్లాబుకీ కలిసే మూల చూడండి, ఎక్కువ భాగం లీకులు అక్కడివే, అక్కడ మాలుతో గుండ్రంగా గోలా కట్టకపోతే ఎండకి పగిలి సందు వస్తుంది. పిట్టగోడలో రావి మొక్క మొలిస్తే పైపైన పీకేసి వదలకండి, వేరు లోపలే ఉంటుంది, ఆ చోట తవ్వి వేరు తీసి మళ్ళీ పూయించాలి. ట్యాంక్ ఓవర్‌ఫ్లో పైపు నేరుగా స్లాబ్ మీదకి వదిలేసిన బిల్డింగులు చాలా ఉన్నాయి, మోటర్ ఆపడం మర్చిపోయిన ప్రతిసారీ ఆ ఇంటి మీద వాన పడినట్టే. డిష్ యాంటెన్నాకి, సోలార్ స్టాండ్లకి, ఫంక్షన్ షామియానాలకి స్లాబుకి బోల్టులు కొట్టనివ్వకండి. మిద్దె తోటల్ని మాత్రం ఊరికే ఆడిపోసుకోకండి, కుండీలు స్టాండు మీద ఉండి కింద నేల కనపడుతుంటే మొక్కల వల్ల ఏం కాదు, నేల మీద నేరుగా మట్టి పోస్తేనే సమస్య.

పగుళ్ళు, మూలలు బాగు చేయకుండా పైన తెల్ల కోటింగ్ ఒకటి వేసి పదేళ్ళ గ్యారంటీ అనే కాంట్రాక్టర్‌ని నమ్మకండి. కొటేషన్ అడిగేటప్పుడు చదరపు అడుగు రేటు ఒక్కటే చూడకండి. పాత పొర ఎంత తీస్తారు, పగుళ్ళు ఎలా పూడుస్తారు, మూలలు ఏం చేస్తారు, పని అయ్యాక నీళ్ళు నిలబెట్టి 48 గంటలు చూపిస్తారా, ఇవి కాగితం మీద రాయించుకోండి. నీళ్ళు నిలబెట్టి చూపించనన్నవాడికి పని ఇవ్వకండి.

వానాకాలం మధ్యలో టెర్రస్ పని మొదలుపెట్టడం అన్నిటికన్నా పెద్ద దండగ. తడి స్లాబ్ మీద చాలా కోటింగులు సరిగ్గా పట్టవు. జూలైలో కారినప్పుడు మీటింగు పెడతాం, "వాన తగ్గనివ్వండి" అనుకుంటాం, మన కోస్తాలో అక్టోబర్, నవంబర్ దాకా తుఫాన్లు పోవు, తగ్గేసరికి సంక్రాంతి వస్తుంది, ఎండలు రాగానే అందరం మర్చిపోతాం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ పనికి టైం. డబ్బులు కూడా అప్పుడే వసూలు చేయాలి.

బయటి గోడల సంగతి వైజాగ్ వాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొట్టింది, అంతకు ముందు ఎప్పుడూ తడవని గోడలు కూడా లోపలికి ఊరాయి. బీముకీ ఇటుక గోడకీ మధ్య సన్నగా అడ్డగీతలాగా వచ్చే పగులు, కిటికీ ఫ్రేము చుట్టూ సందు, సన్‌షేడ్ కింద నీటి బొట్టు తెగడానికి గాడి లేకపోవడం, గాలి వాన పడేవైపు ఇవే దారులు. లోపల ఎన్ని కోట్లు వేసినా లాభం లేదు, బయట గూడు కట్టి ఆ పగుళ్ళు తెరిచి సాగే సీలెంట్‌తో పూడ్చి అప్పుడు బయటి పెయింట్ వేయాలి.

గ్రౌండ్ ఫ్లోర్లో నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు రంగు ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది నేలలోంచి ఎక్కే చెమ్మ. కట్టేటప్పుడు పునాది మీద చెమ్మ ఆపే పొర సరిగ్గా వేయకపోతే వస్తుంది, లేదా తర్వాత మనమే పార్కింగ్ ఎత్తు పెంచి టైల్స్ వేసి, గార్డెన్ మట్టి గోడకి ఆనించి పోసి, ఆ పొరకన్నా పైకి తడిని తీసుకొస్తాం. ఇలాంటి గోడకి లప్పం పెట్టొద్దు, గోడకి అడుగు నుంచి టైల్స్ అతికించొద్దు, అతికిస్తే చెమ్మ టైల్స్ దాటి పైకెక్కుతుంది అంతే. బయట మట్టి తీసి, నీళ్ళు గోడ దగ్గర నిలబడకుండా చేసి, పాడైన ప్లాస్టరింగ్ మరక గీత కన్నా ఒక అడుగు పైదాకా కొట్టేసి, ఉప్పు బ్రష్‌తో దులిపి, గోడని ఆరనివ్వాలి. ఆరనివ్వడం అంటే వారం కాదు. ఇటుక గోడ అంగుళం మందానికి నెల చొప్పున పడుతుందని ఒక పాత లెక్క ఉంది, మన తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఇంకా ఆలస్యం. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి కదా, అలాంటి గోడలకి తొందరపడి రంగులు వేయించుకుంటే డబ్బు పోవడం తప్ప ఏం ఉండదు, కిటికీలు తెరిచి ఫ్యాన్లు పెట్టి నెలలు ఓపిక పట్టాల్సిందే. ఉప్పు నీళ్ళ బోరుతో కట్టిన గోడలైతే లీకు ఏమీ లేకపోయినా ముసురు పట్టిన రోజున వాటంతట అవే నల్లబడతాయి, లోపలున్న ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది, వాటికోసం పైవాళ్ళ బాత్రూం పగలగొట్టించకండి.

బయటి నుంచి రాకుండా ఇంట్లోనే పుట్టే తేమ కూడా ఉంది. అల్మరా వెనక, మంచం తల వైపు మూల, ఏసీ రూము పక్క గోడ, ఇక్కడ నల్లటి చుక్కలు చుక్కలుగా బూజు పడితే ముందు దాన్ని అనుమానించండి. తేల్చుకోడానికి ఒక పరీక్ష: గోడ తుడిచి ఒక అడుగు అల్యూమినియం ఫాయిల్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గట్టిగా అతికించి రెండ్రోజులు ఉంచండి. ఫాయిల్ వెనక తడి ఉంటే నీళ్ళు గోడలోంచి వస్తున్నాయి, ముందు వైపు తడి ఉంటే గదిలో గాలిలోంచి. గాలిలోదైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్, గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా జరిపిన అల్మరా, గదిలో కాకుండా బాల్కనీలో ఆరేసిన బట్టలు, ఇవి చాలు. డక్ట్‌ల (గాలి, పైపుల కోసం వదిలిన సందుల) వైపు కిటికీలు గ్లాసు పెట్టి మూసేసుకోమని పర్మిషన్ ఇచ్చే కమిటీలు ఒకసారి ఆలోచించండి, ఆ బాత్రూముల్లోంచి ఆవిరి ఇంకెటు పోవాలి? బూజు తుడిచేటప్పుడు పొడి బ్రష్‌తో రుద్దితే అంతా గాలిలోకి లేస్తుంది, మాస్క్ పెట్టుకుని తడి గుడ్డతో తుడవాలి, బ్లీచింగ్ వాడితే అందులో యాసిడ్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ అస్సలు కలపకూడదు, విష వాయువు వస్తుంది.

"కాస్త మరకే కదా" అనే మాట నాకు నచ్చదు, ఎందుకో చెప్తాను. స్లాబులో ఊచకి నీళ్ళు తగిలి తుప్పు పడితే ఆ తుప్పు ఇనుము కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, దాంతో కాంక్రీట్ పగిలి పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద పడుతుంది, కింద పిల్లలు పడుకుని ఉండొచ్చు. తడి గోడలో స్విచ్ బోర్డు ఉంటే షాక్ కొట్టొచ్చు, అలాంటి ఇంట్లో ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉందో లేదో చూపించాలి, లేకపోతే పెట్టించాలి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఆస్తమా, ఊపిరితిత్తుల ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంగ్లాండులో రోచ్‌డేల్ అనే ఊళ్ళో 2020 డిసెంబర్లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు ఫ్లాట్‌లో బూజు వల్ల ఊపిరి అందక చనిపోయాడు. వాళ్ళ నాన్న ముందే కంప్లైంట్ చేస్తే, ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ వాళ్ళు దాని మీద పెయింట్ వేసుకోమన్నారు. ఆ బాబు పేరు మీద అక్కడ చట్టం వచ్చింది, ప్రభుత్వ తరహా అద్దె ఇళ్ళలో ప్రమాదకరమైన చెమ్మ గురించి చెప్తే 10 పనిదినాల్లో వచ్చి చూడాలి, అత్యవసరమైతే 24 గంటల్లో, 2025 అక్టోబర్ నుంచి అది అమల్లో ఉంది. పెయింట్ వేసుకోమన్న మాట చదివినప్పుడు నాకు మన మీటింగులే గుర్తొచ్చాయి.

ఈ విషయంలో అందరికన్నా ఎక్కువ నలిగిపోయేది అద్దెకున్నవాళ్ళు. ఓనరు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు, ఫోన్ ఎత్తరు, ఎత్తినా "ఈసారి వచ్చినప్పుడు చూస్తా" అంటారు. కమిటీకి చెప్తే "ఓనర్‌తో చెప్పించండి" అంటారు. గ్రూపులో కూడా వాళ్ళని చేర్చరు. పసిపిల్ల దగ్గుతుంటే ఆ తల్లి ఎవరికి చెప్పుకోవాలండీ? చెమ్మ, లీకేజీ కంప్లైంట్ ఓనర్ ఇచ్చారా టెనెంట్ ఇచ్చారా అని చూడకండి, ఎవరు ఇచ్చినా రిజిస్టర్‌లో తేదీతో రాసి వారంలో ఒక మనిషిని పంపండి. ఖర్చు ఎవరిదో తర్వాత తేల్చుకోవచ్చు.

కొత్త బిల్డింగుల కమిటీలకి ఒక విషయం. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14 ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి అయిదేళ్ళ లోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి బిల్డర్‌కి తెలియజేస్తే, 30 రోజుల్లో డబ్బులు తీసుకోకుండా బాగు చేయాలి, చేయకపోతే నష్టపరిహారం అడగొచ్చు. చాలామంది ఫోన్లో చెప్పి ఊరుకుంటారు, బిల్డర్ మేస్త్రీని పంపి పూత పూయిస్తాడు, అలా అలా అయిదేళ్ళు గడిచిపోతాయి. ఫోన్లు కాదు, ఫోటోలతో, తేదీలతో మెయిలూ రిజిస్టర్డ్ పోస్టూ రెండూ పంపండి. నాలుగో ఏడు పూర్తయ్యేలోపు ఒక వానాకాలంలో ప్రతి ఫ్లాటూ తిరిగి చూసి అన్ని లోపాలూ ఒకే లెటర్‌లో రాయండి.

మీ తర్వాతి జనరల్ బాడీ ఎప్పుడున్నా సరే, ఈ మూడు ఎజెండాలో పెట్టమని అడుగుతున్నా: చెమ్మ కంప్లైంట్ రిజిస్టర్, ఏటా ఫిబ్రవరిలో టెర్రస్, షాఫ్టులు, బయటి గోడలు చూసే ఇన్‌స్పెక్షన్, మెయింటెనెన్స్‌లోంచి నెలనెలా కొంచెం పక్కన పెట్టే వాటర్‌ప్రూఫింగ్ ఫండ్. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఇంజనీర్ ఫీజు మీరు ఒక గదికి వేయించే పెయింట్ ఖర్చుతో పోలిస్తే పెద్దదేమీ కాదు. ఆ ఇంజనీర్ ఏ కోటింగ్ కంపెనీకీ డీలర్ కాకుండా చూసుకోండి.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక సివిల్ ఇంజనీర్